అర్థం కాని వరుస

అక్క ఇల్లు వదిలి వెళ్ళి రెండేళ్ళు దాటింది. ఆమె ఫైలు మీద తేదీ మాత్రం మొన్న మంగళవారానిది.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. సైన్సు విద్యార్థులకు వేసవి సెలవుల్లో పెట్టిన కంప్యూటర్ తరగతిలో అది మొదటి వారం. మౌస్ లేదు, బొమ్మలు లేవు. ఏం కావాలన్నా మాటల్లో కొట్టాలి. ఎల్ ఎస్ అని కొట్టి, పక్కన ఒక గీత, ఒక ఎల్ చేరిస్తే ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్ళన్నీ బారులు తీరతాయి. ఏది ఎవరిది, ఎంత పెద్దది, చివరిసారి ఎప్పుడు మార్చారు, అన్నీ కక్కేస్తాయి.

సెలవుల్లో నేను పనికి కుదిరిన నదుల ప్రయోగశాల ఫోల్డర్‌లో అన్నీ బూజుపట్టిన తేదీలే. ఒక్కటి తప్ప. ఆ ఫైలు పేరు 'పొద్దున'. యజమాని పేరు ఉండాల్సిన చోట మా అక్క పేరు.

"సార్, ఈ తేదీ తప్పేమో?" అన్నాను.

రూట్ సార్ నా భుజం మీదుగా వంగి చూశాడు. ఆయన అసలు పేరు ఎవరూ వాడరు. ఆ సర్వర్‌లో ఏ తలుపైనా తెరిచే రూట్ పాస్‌వర్డ్ ఆయన ఒక్కడి దగ్గరే ఉంటుంది కాబట్టి ఆ పేరు.

"మెషిన్ తేదీ తప్పు చెప్పదమ్మాయ్. చెప్తే నా ఉద్యోగం ఊడుతుంది."

"అంటే ఈ ఫైలుని మంగళవారం ఎవరో మార్చారా?"

"ఎవరో ఎందుకు మారుస్తారు? ఎవరిదో వాళ్ళే మారుస్తారు." ఆయన పక్క కుర్చీ వైపు నడుస్తూ గోడ మీద అంటించిన కాగితం చూపించాడు. "ఏం చూడాలన్నా తొందరగా చూసుకోండి. ఈ మెషిన్ ముసలిదైపోయింది. వేసవి చివరి శుక్రవారం మధ్యాహ్నం ఆపేస్తున్నాం."

నేను ఆ కాగితం చదవలేదు. తెర మీంచి చూపు తిప్పితే ఆ తేదీ మాయమైపోతుందేమో అనిపించింది.

*

మా ఇంటి తలుపు ఒక పక్కకి ఒరిగిపోయింది. తాళం తియ్యాలంటే ఎడమచేత్తో పిడి పట్టుకుని తలుపుని కాస్త పైకెత్తాలి. ఎత్తి, తాళంచెవిని సగం తిప్పి, ఆగి, మళ్ళీ తిప్పాలి. ఆ రోజు ఎండలో అలా కుస్తీ పడుతూ ఉండగానే నాన్న డ్యూటీ దిగి వచ్చాడు. నాన్న సిటీ బస్సు డ్రైవరు.

"తాళం మార్పిద్దాం నాన్నా."

"పనిచేస్తోందిగా."

"పనిచెయ్యట్లేదు నాన్నా. బతిమాలించుకుంటోంది."

"బతిమాలు. నోరేం అరిగిపోదు." ఆయన నన్ను పక్కకి జరిపి, తలుపు ఎత్తి, తాళం తీసి లోపలికి వెళ్ళిపోయాడు.

అక్క సంగతి చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. మా ఇంట్లో ఆ పేరు వినిపించి రెండేళ్ళు.

కొండల్లో నది మొదలయ్యే చోట ఆ ప్రయోగశాలకి నీటిమట్టం కొలిచే చిన్న కేంద్రం ఒకటి ఉంది. వానాకాలమంతా అక్క అక్కడే ఉండేది. వానల్లో నదిని వదిలి పెళ్ళిళ్ళకి రాదు, పరీక్షలకి రాదు, దేనికీ రాదు. ఆ ఏడు వరదకి దారి తెగిపోయిన వారంలోనే అమ్మ జ్వరంతో మంచం పట్టింది. మళ్ళీ లేవలేదు. అక్క వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. నాన్న గుమ్మంలో అడ్డంగా నిలబడి ఒకే మాట అన్నాడు.

"నీకు ఆ నీళ్ళే ఎక్కువ. అక్కడికే పో."

అక్క వీపు మీద బ్యాగు దించలేదు. చేతిలో తాళంచెవి ఉంది. అలాగే వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఫోను నంబరు మారింది. నేను రాసిన మెయిళ్ళకి జవాబు రాలేదు.

*

మర్నాడు 'పొద్దున' ఫైలు తెరిచాను.

అదొక స్క్రిప్టు. అంటే మెషిన్‌కి వరుసగా చెప్పిన పనుల చిట్టా. రోజూ ఉదయం ఆరింటికి దానంతటదే లేచి, కొండల్లోని పరికరం పంపిన అంకెలు తెచ్చుకుంటుంది. 'వచ్చినవి' అనే ఉమ్మడి ఫోల్డర్‌లో మిగతావాళ్ళు ఏమైనా పెట్టారేమో వెతుకుతుంది. శుభ్రం చేసి అన్నిటినీ ఒకచోట చేరుస్తుంది. ఆ వేసవిలో ప్రయోగశాల మేడం నాకిచ్చిన పని కూడా అందులోదే. పాత చార్టుల మీద గీతల్ని చూసి అంకెలు కొట్టి, ఆ ఫోల్డర్‌లో పెట్టాలి. నేను కొట్టిన అంకెల్ని మా అక్క రాసిన స్క్రిప్టు రోజూ ఏరుకుంటోందని అప్పటిదాకా నాకు తెలియదు.

స్క్రిప్టులో హాష్ గుర్తు పెట్టి రాసిన వరుసల్ని మెషిన్ చదవదు. అవి మనుషుల కోసం. అక్క అలాంటివి బోలెడు రాసుకుంది.

'నీటిమట్టం మైనస్‌లోకి వెళ్తే మతి పోయింది పరికరానికి. నదికి కాదు.'

'ఈ మెలిక నాకే రేపు అర్థం కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నా. రేపటి నేనూ, తిట్టుకోకు.'

'అంకె కాని వరుస ఏదైనా వస్తే చెరిపెయ్యొద్దు. చూడాలి అనే ఫైలులో పెట్టు. నేను చూస్తా. అర్థమయ్యాకే తీసేస్తా.'

ఆ చివరిది మళ్ళీ చదివాను. ఆమె గొంతే. అన్నం తింటూ పుస్తకం చదివే అక్క, ఎక్కడికి వెళ్ళినా వెనకాలే వస్తున్నానని నన్ను తోక అని పిలిచిన అక్క. స్క్రిప్టు మొత్తాన్ని నా ఫోల్డర్‌లోకి కాపీ చేసుకున్నాను. తరగతిలో నాలుగు ముక్కలు వచ్చేసరికి నేను ఆ ఫైలులోంచి నలభై నేర్చుకున్నాను. లూప్ అంటే ఏంటో, షరతు అంటే ఏంటో, ఒక కమాండ్ చెప్పింది ఇంకో కమాండ్ చెవిలో ఎలా వెయ్యాలో, అన్నీ ఆమె దగ్గరే. చిన్నప్పుడు సైకిలు నేర్పినట్టే. పట్టుకున్నానంటుంది, పట్టుకోదు.

ఆ వారమే మా తరగతిలో ఉపద్రవం జరిగింది. కీటకాల మీద పని చేసే కుర్రాడొకడు, అందరికీ వాడు పురుగుల బాబు. పాత ఫైళ్ళు కొన్ని చెరపబోయి, స్టార్ గుర్తు పక్కన ఒక ఖాళీ వదిలాడు. అంటే అన్నిటినీ చెరిపెయ్యమని. మెషిన్ మారుమాట్లాడకుండా చెరిపేసింది.

"సార్, చెత్తబుట్ట ఎక్కడుంటుంది?" అన్నాడు పాలిపోయిన ముఖంతో.

"ఇక్కడ చెత్తబుట్ట ఉండదు నాయనా. పోయిందంటే పోయినట్టే."

"మరి నా చీమలు?"

"నిన్న రాత్రి కాపీలో ఉన్నాయిలే, తెచ్చిపెడతా. ఇవాళ పుట్టినవి మాత్రం పోయినట్టే." రూట్ సార్ అందరివైపు తిరిగాడు. "వెనక్కి తీసుకోలేని పని ఏది చెయ్యాలన్నా ముందు ఎకో అని పెట్టి కొట్టండి. ఏం జరగబోతోందో తెర మీద చూపిస్తుంది, చెయ్యదు. చూసుకుని, సరే అనుకుంటే అప్పుడు ఎకో తీసేసి చెయ్యండి. మనుషులకీ ఈ సౌకర్యం ఉంటే కోర్టులు మూసుకునేవాళ్ళు."

అందరూ నవ్వారు. నాకు మా గుమ్మం గుర్తొచ్చింది.

*

అక్క ఎప్పుడు లాగిన్ అవుతుందో తెలిస్తే చాలు. హూ అని కొడితే ఆ క్షణంలో సర్వర్‌లో ఎవరెవరు ఉన్నారో చెప్తుంది. రోజంతా కూర్చుని కొట్టలేను కాబట్టి చిన్న స్క్రిప్టు రాశాను. హూ అని అడుగు. అక్క పేరుందా? ఉంటే గంట మోగించు. లేకపోతే మళ్ళీ అడుగు.

పావుగంటలో రూట్ సార్ గది తలుపు తెరుచుకుంది.

"ఎవరమ్మా అది, ఊపిరి పీల్చకుండా ఎవరున్నారు ఎవరున్నారు అని నా మెషిన్ని కాల్చుకు తింటున్నది?"

చెయ్యెత్తాను. ఆయన నా స్క్రిప్టు చదివాడు. అందులో అక్క పేరు చూశాడు. నా ఇంటి పేరు ఆయనకి తెలుసు. గొంతు తగ్గించాడు.

"మధ్యలో స్లీప్ పెట్టాలి. ఒకసారి అడిగి, ఒక నిమిషం పడుకుని, మళ్ళీ అడగాలి. ఎదురుచూడటానికీ ఒక పద్ధతి ఉంటుంది."

"తను ఎక్కడ నుంచి లాగిన్ అవుతోందో మీకు కనిపిస్తుంది కదా సార్?"

"కనిపిస్తుంది."

"చెప్పరా?"

"అందరి తలుపులూ నేను తెరవగలను. తెరవను కాబట్టే ఆ తాళాలు నాకిచ్చారు." ఆయన వెళ్ళబోయి ఆగాడు. "మెషిన్ ఆపేస్తున్నామని అందరికీ నోటీసు వెళ్ళింది. ఆవిడా చదివే ఉంటుంది. ఆ శుక్రవారం తర్వాత తన పని వేరే చోటికి మార్చేసుకుంటుంది. అది ఎక్కడో నాక్కూడా తెలీదు."

అంటే నాకున్నది ఆ వేసవే. ఆ తర్వాత ఈ సన్నటి దారం కూడా తెగిపోతుంది.

స్లీప్ పెట్టాను. ఒక మధ్యాహ్నం, బయట ఎండకి ఆవరణంతా నిర్మానుష్యంగా ఉన్నప్పుడు, గంట మోగింది.

తెర మీద అక్క పేరు. ఇప్పుడు, ఈ క్షణంలో, ఎక్కడో ఒక బల్ల ముందు ఆమె కూర్చుని ఉంది. ఆమె వేళ్ళు కీబోర్డు మీద ఉన్నాయి. నా వేళ్ళూ ఉన్నాయి. మా మధ్య ఒక్క మెషిన్.

రైట్ అనే కమాండ్ ఒకటుంది. దాంతో ఏం రాసినా అవతలివాళ్ళ తెర మీద తిన్నగా ప్రత్యక్షమవుతుంది. రాశాను.

"అక్కా, నేను. తోకని."

ఎంటర్ నొక్కాను. కర్సర్ మిణుకుమిణుకుమంటోంది. ఆమె చదువుతూ ఉంటుంది. ఏదో కొడుతూ ఉంటుంది. కొట్టింది చెరిపి మళ్ళీ కొడుతూ ఉంటుంది. నేను కుర్చీ అంచుకి వచ్చాను.

హూ అని కొట్టాను. అక్క పేరు లేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె ఫోల్డర్‌లోకి వెళ్ళబోయాను. మెషిన్ రెండు మాటలు చెప్పింది. అనుమతి లేదు.

*

"కళ్ళేంటి అలా ఉన్నాయి?" అన్నాడు నాన్న సాయంత్రం భోజనాల దగ్గర.

చెప్పేశాను. తేదీ, స్క్రిప్టు, గంట, అన్నీ. ఆయన ముద్ద కలపడం ఆపలేదు. నోట్లో మాత్రం పెట్టుకోలేదు.

"ఒంట్లో బాగానే ఉందటా?"

"తెలీదు నాన్నా. మాట్లాడలేదు. తలుపేసేసింది."

"నా దగ్గరే నేర్చుకుంది."

అన్నం అలాగే ఉన్న కంచం తీసుకుని లేచాడు. పెరట్లో కుళాయి చాలాసేపు పారింది.

తర్వాత ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎండలు ముదిరి, గాలిలో తడి వాసన మొదలయ్యాక ఒక పొద్దున బూట్లు తొడుక్కుంటూ అడిగాడు.

"ఆ మెషిన్ని ఎప్పుడు ఆపేస్తారన్నావ్?"

"ఎల్లుండి. శుక్రవారం."

"రేపు నాకు సెలవు."

ఆయన సెలవు పెట్టగా నేను చూడలేదు. అమ్మ పోయినప్పుడు కూడా డిపో వాళ్ళే బలవంతంగా ఇచ్చారు.

గురువారం నాతో వచ్చాడు. సెలవైనా డ్యూటీ చొక్కాయే. రూట్ సార్ లేచి కుర్చీ జరిపాడు.

"బస్సు నడుపుతారటగా?"

"ఆ. మీ దానికి చక్రాలు కూడా లేవు. ఎలా నడుపుతున్నారో."

"చక్రాల్లేవు కాబట్టే ఇన్నేళ్ళు నడిచింది," అన్నాడు రూట్ సార్. కావాలనే తన గదిలోకి వెళ్ళిపోయాడు.

నాన్న తెర వైపు అనుమానంగా చూశాడు. "ఇందులో ఎక్కడుంది అది?"

"ఇందులో లేదు. ఇందులోంచి దారుంది."

"తలుపేసిందన్నావు."

"తన తలుపేసింది నాన్నా. నది తలుపు వెయ్యలేదు."

వారమంతా నేను ఆలోచించింది అదే. నా మెయిలు ఆమె తెరవదు. నా మాట వస్తే లేచి వెళ్ళిపోతుంది. కానీ 'వచ్చినవి' ఫోల్డర్ అందరిదీ. దాన్ని మూస్తే పని ఆగిపోతుంది. నేను పెట్టే అంకెల మధ్యలో ఒక్క వరుస, అంకెలు కాని వరుస పెడితే, పొద్దున ఆరింటికి ఆమె స్క్రిప్టే దాన్ని పట్టుకుంటుంది. చెరపదు. పక్కన పెట్టి ఆమెకి చూపిస్తుంది. నదిలో ఏదో అర్థం కానిది ఉందంటే అక్క చూడకుండా ఉండలేదు.

నాన్నకి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. మూడోసారి ఆయనే నాకు చెప్పాడు. "అంటే నీళ్ళ లెక్కల్లో ఉత్తరం కలుపుతున్నాం."

"లెక్క పాడవదు నాన్నా. పక్కకి తీసేస్తుంది."

"ఏం రాయాలి?"

"నువ్వే చెప్పాలి. నేను రాస్తే లేచి వెళ్ళిపోయింది."

ఆయన చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "వచ్చెయ్ అని రాయి."

ఎకో పెట్టి కొట్టాను. తెర మీద ఆ మాట ఒంటరిగా నిలబడింది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు.

"వెళ్ళిపోయిందా?"

"లేదు. ఊరికే చూపించింది. పంపాలంటే చివర బాణం గుర్తులు పెట్టి ఫైలు పేరు చెప్పాలి."

"అయితే వద్దు. హుకుం జారీ చేసినట్టుంది." గొంతు సవరించుకున్నాడు. "నేను అలా అనకుండా ఉండాల్సింది అని పెట్టు."

పెట్టాను. చదివాడు. మళ్ళీ చదివాడు. పెదాలు కదిలాయి.

"ఇదీ వద్దు. ఇది చదివితే దానికి ఆ గుమ్మం మళ్ళీ కనిపిస్తుంది."

బయట ఎక్కడో ఉరిమింది. నాన్న కిటికీ వైపు చూశాడు. డ్రైవర్లు మబ్బు చూసే చూపు, తడిసే రోడ్డుని ముందే చూసేది. తర్వాత, నా వైపు తిరక్కుండానే అన్నాడు.

"తాళం మార్చలేదని రాయి."

నా చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"అంతేనా నాన్నా?"

"అంతే. దానికి తెలుస్తుంది."

కొట్టాను. తెర మీద చూపించాను. ఈసారి ఆయన వద్దనలేదు. తల ఊపాడు. చివర బాణాలు పెట్టి, ఫైలు పేరు చేర్చి, ఎంటర్ నొక్కాను. మెషిన్ ఏమీ అనలేదు. పని సరిగ్గా జరిగితే అది ఏమీ అనదు.

*

శుక్రవారం నేను వెళ్ళేసరికి ఆ వరుస, ఉమ్మడి ఫోల్డర్‌లోనే ఉండే 'చూడాలి' ఫైలులోకి చేరి ఉంది. ఆరింటికి స్క్రిప్టు లేచి, తన పని తాను చేసి, దాన్ని పక్కన పెట్టింది. పైనా కిందా ఏ వ్యాఖ్యా లేదు.

కూర్చున్నాను. ఎల్ ఎస్. ఫైలు అలాగే ఉంది. మళ్ళీ ఎల్ ఎస్. అలాగే ఉంది. స్క్రిప్టు రాసి అడిగించొచ్చు. కానీ ఆ రోజు నా వేళ్ళతోనే అడగాలనిపించింది.

పురుగుల బాబు తన చీమల్ని కొత్త మెషిన్‌లోకి మోసుకుపోయాడు. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. హూ అంటే రెండే పేర్లు. నాదీ, రూట్ సార్‌దీ.

మధ్యాహ్నం అయింది. రూట్ సార్ గదిలోంచి వచ్చాడు. నా తెర చూశాడు. గోడ గడియారం చూశాడు.

"టీ తాగొస్తాను," అన్నాడు.

ఆయన పని వేళల్లో ఆ కంప్యూటర్ల హాలు దాటగా ఎవరూ చూడలేదు. టీ కూడా తాగడని అప్పటికే అందరికీ తెలుసు.

"సార్, టైమ్ అయిపోయింది కదా?"

"అయింది. నేను లేను కదా ఆపడానికి."

తలుపు వేసుకుని వెళ్ళాడు. ఫ్యాన్ల హోరు మధ్య నేనూ ఆ ముసలి మెషినూ మిగిలాం. ఎల్ ఎస్. అలాగే ఉంది. అక్క ఈ రోజు చూడకపోవచ్చు. ఇప్పటికే కొత్త చోటికి మారిపోయి ఉండొచ్చు. పాత ఇంట్లో పడిన ఉత్తరం కోసం ఎవరొస్తారు? ఎల్ ఎస్. అలాగే ఉంది.

హూ.

మూడు పేర్లు.

రైట్ కొట్టడానికి వేళ్ళు లేచాయి. వెనక్కి లాక్కున్నాను. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాను, నాన్న పెట్టుకున్నట్టు. ఎంతసేపు గడిచిందో తెలియదు. మళ్ళీ ఎల్ ఎస్ కొట్టేసరికి 'చూడాలి' పక్కన, ఎంత పెద్దదో చెప్పే చోట, సున్నా ఉంది. హూ కొట్టాను.

అక్క పేరు లేదు.

రూట్ సార్ వచ్చాక నన్నేమీ అడగలేదు. లోపలికి వెళ్ళాడు. ఫ్యాన్లు ఒకదాని తర్వాత ఒకటి తగ్గి, ఆగాయి. ఆ గది అంత నిశ్శబ్దంగా ఉండగలదని అప్పుడే తెలిసింది.

నాన్న ఆ సాయంత్రం గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"చదివింది," అన్నాను.

"ఏమంది?"

"ఏమీ అనలేదు. ఆ వరుస తీసేసింది."

ఆయన ముఖం వాడిపోయింది. "తీసేసిందా?"

"అర్థమయ్యాకే తీసేస్తానని రాసుకుంది నాన్నా."

ఆయన లోపలికి వెళ్ళి, కుట్టుమిషన్ సొరుగులోంచి అమ్మ నూనె డబ్బా తెచ్చి, తాళంలో రెండు చుక్కలు వేశాడు. తలుపుని మాత్రం సరిచెయ్యలేదు.

*

వానలు మొదలయ్యాయి. రోజూ కురిసేవి. కొండల్లో నది ఎంత ఎత్తున పారుతోందో నాకు చూపించే తెర లేదు ఇప్పుడు. కొత్త మెషిన్‌లో అక్క పేరు వెతికాను. లేదు. నాన్న డ్యూటీ దిగి తిన్నగా ఇంటికి వచ్చేవాడు. వచ్చి, వీధిలోకి చూసే కుర్చీలో కాకుండా దాని పక్క కుర్చీలో కూర్చునేవాడు. ఇద్దరం దేనికోసం చూస్తున్నామో ఇద్దరం అనేవాళ్ళం కాదు. వానాకాలంలో నదిని వదిలి ఆమె ఎక్కడికీ రాదని ఇద్దరికీ తెలుసు.

ఒక సాయంత్రం నేను కూర తరుగుతున్నాను. నాన్న దీపం బల్బు మారుస్తున్నాడు. వాన హోరు తగ్గి సన్నగా పడుతోంది.

వీధి తలుపు కొద్దిగా కదిలింది. తట్టిన చప్పుడు కాదు. ఎవరో పిడి పట్టుకుని తలుపుని పైకెత్తారు.

తాళం తియ్యాలంటే అలా ఎత్తాలని తెలిసినవాళ్ళం నలుగురం. అమ్మ లేదు. ఇద్దరం లోపలే ఉన్నాం.

నేను కత్తి పడేసి లేవబోయాను. నాన్న చెయ్యి నా భుజం మీద పడింది.

"ఉండు," అన్నాడు మెల్లగా. "తనని తియ్యనీ."

బయట తాళంచెవి సగం తిరిగింది. ఆగింది.